మొగం నీళ్లు

పోయిన వారం బెంగళూరు నుంచి ఒకబ్బాయి ఫోన్ చేశాడు. పాటల గురించి రాసే ఏదో వెబ్‌సైటట. ‘సింగిల్ ఫేజ్’ బ్యాండ్ ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో, మా సంగీతం ఏటేటా ఎలా మారుతూ వచ్చిందో పెద్ద వ్యాసం రాస్తున్నాడట. "మీరు మొదట్నుంచీ బాస్ గిటార్ వాయించారు కదా మేడమ్, ఆ ఎవల్యూషన్ గురించి మీ మాటల్లో చెప్పండి" అన్నాడు. ఇంగ్లీషు, కన్నడ, తెలుగు మూడూ కలిపి తంటాలు పడుతున్నాడు పాపం. నేను బళ్లారి కౌల్ బజార్‌లో మా షాపులో కూచుని, కాలిపోయిన ఆంప్లిఫయర్ ఒకటి ముందేసుకుని ఉన్నాను. మర్యాదగా అడుగుతున్నాడు కదా, నాలుగు ముక్కలు చెబుదామనుకున్నాను.

అంతలో అడిగాడు. "లైవ్ ఆల్బం చివర్లో ఒక లేడీ వాయిస్ వస్తుంది కదా, విన్న ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది మేడమ్. ఆ గెస్ట్ సింగర్ ఎవరు? ఎక్కడా పేరు వేయలేదు."

గెస్ట్ సింగరట! అప్పుడు నా నోట్లోంచి ఊడిపడిన మాట ఇక్కడ రాయకూడదు. ఫోన్ పెట్టేశాను. మళ్లీ చేశాడు, ఎత్తలేదు. కానీ రోజంతా చెవిలో జోరీగలాగా అదే ప్రశ్న. ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఎమ్మిగనూరు వాళ్లు చెప్పరు. వాళ్లు చెప్పకూడదు. నేను చెబుతాను, నాకా అడ్డు లేదు.

మా నాన్న మాణిక్యానిది మైక్ సెట్ షాపు. పెళ్లిళ్లకు, ఉరుసులకు, ఎలక్షన్లకు బాక్సులు అద్దెకిస్తాం. నేను వైర్ల మధ్యే పెరిగాను, కాలేజీలో ఉండగా బాస్ గిటార్ పట్టాను. చక్రధర్ మా షాపుకు వచ్చింది ఆంప్లిఫయర్ కోసం. బళ్లారి పక్క పల్లె ఎమ్మిగనూరులో నారప గారి ఒక్కగానొక్క కొడుకు. వరి, చెరకు, లారీలు, అన్నీ ఉన్న ఇల్లు. ఊళ్లో నారపను ‘ధణి’ అని, అంటే దొర అని తప్ప పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. చక్రధర్ బెంగళూరులో ఇంజనీరింగ్ చదవడానికి పోయి గిటార్ నేర్చుకుని వచ్చాడు. వాడికి డ్రమ్స్ వాయించడానికి భీమేష్ దొరికాడు. భీమేష్‌ది కూడా ఆ ఊరే. కుడతిని పవర్ ప్లాంటులో కాంట్రాక్టు లేబరు, బూడిద ఎత్తే పని. వాళ్ల నాన్న రామాంజినేయులు నారప ఇంట్లో జీతానికి ఉండేవాడు, చనిపోయాడు.

ఎలా చనిపోయాడో కూడా ఇప్పుడే చెప్పేస్తాను. దాచిపెట్టి చివర్లో బయటికి తీయడానికి ఇదేం సినిమా కాదు. కోతలప్పుడు మా వైపు వడ్లు తారు రోడ్డు మీదే ఆరబోస్తారు. రామాంజినేయులు ధణి గారి వడ్లకు కాపలాగా రోడ్డు వారన తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. తెల్లవారుజామున ధణి గారి లారీయే ఆయన మీదుగా పోయింది. నడిపింది చక్రధర్. సెలవులకు ఇంటికొచ్చి, సరదాకు స్టీరింగ్ పట్టుకున్నాడు. కేసు మాత్రం డ్రైవరు నెట్టికంటప్ప మీద రాశారు. వాడూ బండి నడిపింది నేనే అని ఒప్పుకున్నాడు, జైలుకు పోయి వచ్చాడు. ఊరందరికీ తెలుసు. బళ్లారిలో ఉన్న నాకు చాలా ఏళ్లు తెలియదు.

రిహార్సల్స్ మా షాపు వెనక గోడౌన్‌లో చేసేవాళ్లం. మొదటి ఏడాది అందరిలాగే ఇంగ్లీషు పాటలు అచ్చంగా దించి వాయించాం. కాలేజీ ఫంక్షన్లు, నాలుగు ఈలలు, ఒక మొమెంటో. పేరు కూడా లేదు. ఒకరోజు కరెంటు సగం పోయి, బల్బు మిణుకు మిణుకుమంటూ, ఫ్యాను తిరగనా మాననా అంటూ ఉంది. పల్లెల్లో మోటార్లకు మూడు ఫేజుల కరెంటు ఇచ్చే వేళ వేరు, మిగతా వేళల్లో ఇళ్లకు ఒక్క ఫేజే వస్తుంది. "మనదీ ఇంతే గదప్పా, సింగిల్ ఫేజు" అన్నాడు భీమేష్. నవ్వుకున్నాం. ఆ పేరే నిలిచింది.

తర్వాత ఒకరోజు భీమేష్ ఒక చప్పుడు తెచ్చాడు. పాత ఫోన్లో రికార్డు చేసినదాన్ని ల్యాప్‌టాప్‌లో పెట్టి సాగదీశాడు. ఒక్క నిమిషం చప్పుడు అరగంట అయ్యేట్టు. వింటే నేల కింద నుంచి ఏదో మూలుగుతున్నట్టు ఉంది, మా గోడౌన్ రేకులు అదిరిపోయాయి. "ఏందిరా ఇది?" అన్నాడు చక్రధర్. "కుడతిని ప్లాంటులో టర్బైన్ చప్పుడు చక్రప్పా. సుమ్నే, ఊరికే పట్టుకొస్తి" అన్నాడు భీమేష్.

చక్రధర్ కళ్లు మూసుకుని విన్నాడు. ఆ రోజే ఇంగ్లీషు పాటలన్నీ పక్కన పడేశాం. ఆ చప్పుడుకు సరిపోయేట్టు నా బాస్ తీగలు వదులు చేసి, ఇంకా వదులు చేసి, చివరికి అవి గిటార్ మెడ మీది ఫ్రెట్లకు పటపట కొట్టుకునేదాకా దించాను. చక్రధర్ తీగలను మీటడం మానేసి వాటి మీద స్పానర్ పెట్టి రుద్దాడు. భీమేష్ అరనిమిషానికొక దెబ్బ వేసేవాడు. ఆ ముక్కకు ‘కుడతిని’ అని పేరు పెట్టి బెంగళూరు పబ్బులో వాయిస్తే, జనం బీరు గ్లాసులు కింద పెట్టి కళ్లు మూసుకున్నారు. మర్నాడు రాతలే రాతలు. కరెంటు కార్ఖానా ఆత్మ వినిపించిందట! చక్రధర్‌ను నెత్తిన పెట్టుకున్నారు. వాడు ఇంటర్వ్యూల్లో "నేను పుట్టిన మట్టి చప్పుడు" అని చెప్పుకునేవాడు. వాడి మొహం, వాడికి మట్టి ఎక్కడ అంటిందో నాకు ఇప్పటికీ తెలియదు.

అక్కడి నుంచి మా ‘పరిణామం’ మొదలైంది. ప్రతి ఏడాదీ భీమేష్ ఆ చప్పుడు వేగం కొంచెం పెంచేవాడు. కొంచెమే. వేగం పెరిగితే శ్రుతి కూడా పైకి పోతుంది. నేను తీగలు ఆ మేరకు బిగించుకోవాలి, దెబ్బలు దగ్గరవుతాయి, చక్రధర్ చేతులకు పని ఎక్కువవుతుంది. మొదట ధ్యానంలా ఉందన్నారు. రెండో ఆల్బం నాటికి ఆ మూలుగు వయొలిన్ కింది తీగలాగా అయింది. ఆ తర్వాత సన్నాయి. మా వాయింపు కూడా దాని వెంట పరిగెత్తి పరిగెత్తి, రొద రొదగా, గోలగోలగా తయారైంది. "ఇంతకు ముందు ప్రశాంతంగా ఉండేది, ఇప్పుడు దయ్యం పట్టింది వీళ్లకు" అని పాత అభిమానులు తిట్టుకున్నారు. కొత్తవాళ్లు ఎగబడ్డారు. ఢిల్లీ, బొంబాయి, షిల్లాంగ్ తిరిగాం. ఎక్కడికి పోయినా చివరి ముక్క ‘కుడతిని’. ఎందుకు మారుతున్నారని ఎవరడిగినా చక్రధర్ పెద్ద పెద్ద మాటలు చెప్పేవాడు. నిజానికి మమ్మల్ని మార్చింది భీమేష్ వేలి కింది ఆ చిన్న గుండీ.

ఒక ఎండాకాలం గోడౌన్‌లో నేను శ్రుతి చేసుకుంటూ ఆ చప్పుడును హెడ్‌ఫోన్‌లో ఒంటరిగా విన్నాను. ఒకచోట గుర్ర్‌మని వచ్చి ఆగింది. మళ్లీ విన్నాను. మైక్ సెట్ ఇంట్లో పుట్టినదాన్ని, చావు ఇళ్లకు, పెళ్లి ఇళ్లకు మైకులు కట్టినదాన్ని. నాకా చప్పుడు తెలుసు. అది ఆడమనిషి ముక్కు చీదుకునే చప్పుడు.

"భీమేషప్పా, టర్బైను ముక్కు చీదుతాదా?" అన్నాను.

వాడు నవ్వలేదు. చక్రధర్ ఫోన్లో ఉన్న వైపు ఒకసారి చూసి, "రేపు కుడతినికి రాక్కా, షిఫ్టు అయినంక చెప్తా" అన్నాడు.

పోయాను. ప్లాంటు గేటు ముందర టీ హోటల్. బల్ల మీద చేత్తో రాస్తే బూడిద. భీమేష్ కనురెప్పల మీద కూడా బూడిదే ఉంది.

"మాయమ్మక్కా అది" అన్నాడు. "నాయన సచ్చిన పొద్దు శోకం తీసింది. జోబులో ఫోను ఉండె. ఎందుకు ఒత్తినానో నాకే తెల్దు. నాయన గొంతు ఎప్పుడూ పట్టుకోల్యా, అమ్మదన్నా ఉండనీ అనిపిచ్చినట్లుంది."

అప్పుడు చెప్పాడు వడ్ల సంగతి, లారీ సంగతి, నెట్టికంటప్ప సంగతి. నాకు తిక్క లేచింది. "మరి ఇన్నేండ్లు వాని పక్కన కూచోని డ్రమ్ము కొడతాండావేందిరా? సిగ్గుల్యా నీకు? వాని పక్కన అన్నం ఎట్ల దిగింది నీకు?" అని అరిచాను. హోటల్లో అందరూ మా వైపు తిరిగారు.

"అరవొద్దక్కా, చెప్పనీ" అన్నాడు. "మా ఊళ్లో శోకం తీసేటప్పుడు ఆడమనిషి ఎవుర్నన్నా పేరు పెట్టి అడగొచ్చు. ధణినైనా, మొగున్నైనా, తోడబుట్టినోన్నైనా. ఎవురూ ఎదురు మాట్లాడగూడదు. మట్టి చేసొచ్చినంక, శోకంలో పేరొచ్చినోడు చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె దోసిట్లో పొయ్యాల. ఆమె మొగం కడుక్కుంటాది. ఆయితు, అంతే. ఆ మాటలు మల్ల ఊళ్లో ఎవురూ ఎత్తరు. వాటినే మొగం నీళ్లంటాం."

"మీయమ్మ శోకంలో..."

"చక్రప్ప పేరు వచ్చె. వాన్ని పొద్దెక్కకముందే బెంగళూరు బస్సెక్కిచ్చిరి. ఊరంతా విన్యారక్కా, వాడొక్కడే వినల్యా. నీళ్లు పోసేటోడు ల్యాక మాయమ్మ ఎండిన మొగంతోనే లేచిపాయ." భీమేష్ గ్లాసును బల్ల మీద తిప్పుతూ కూచున్నాడు. "శోకం తీరని ఆడమనిషి ఇంకోరి సావు కాడికి పోగూడదు. మాయమ్మను సుట్టుపక్కల ఊర్లోల్లు పిలుచుకపోయేటోల్లు, అంత బాగా తీసేది శోకం. ఇప్పుడు యాడికీ పోదు. మా అవ్వ సచ్చిపాయ. మాయమ్మ కన్నతల్లి. మాయమ్మ ఈది మొగదల్లో రాయి మింద కూచోని, కొంగు నోట్లో కుక్కుకోని, శవం పొయ్యేదాకా అట్లే సూస్తా ఉండె. లోపలికి రాల్యా."

నేను బల్ల దగ్గర నుంచి లేచాను. "పద, వాన్ని అడుగుదాం. ఒక చెంబు నీళ్లే గదా, పొయ్యమందాం" అన్నాను.

"అడిగి పోయిచ్చుకుంటే అవి మొగం నీళ్లు కావక్కా. వాని పేరు వాడు వినాల. విని, వాడే లేచి తేవాల. నాకు కేసొద్దు, జైలొద్దు. మాయమ్మ మొగం కడుక్కోవాల." తర్వాత మెల్లగా అన్నాడు. "ఒకేసారి వినిపిస్తే ఆపేసి పోతాడు. అందుకే ఏటేటా కొంచెం కొంచెం పెంచుతాండా. వానికి అలవాటు చేస్తాండా. వాడు దాన్ని ఇడిసిపెట్టల్యాకుండా కావాల."

పిచ్చోడా అని తిట్టాలనిపించింది. రెండు చేతులూ పట్టుకుని ఏడవాలని కూడా అనిపించింది. రెండూ చేయకుండా బస్సెక్కి వచ్చేశాను. ఆ తర్వాత తీగ బిగించిన ప్రతిసారీ, ఎన్నో మెట్టు ఎక్కుతున్నామో నాకు తెలుస్తూనే ఉంది.

మరో రెండు ఆల్బంలు గడిచాయి. ఇప్పుడది స్పష్టంగా మనిషి గొంతే, కానీ మత్తులో మాట్లాడినట్టు మాటలు సాగిపోయేవి, అర్థమయ్యేవి కావు. ఒకసారి పూణే నుంచి రైల్లో వస్తుంటే చక్రధర్ అడగనే అడిగాడు. "రేయ్ భీమా, అది నిజంగా మిషనేనా?"

"మిషనే చక్రప్పా. మిషను గూడా ఏడుస్తాదని పేపర్లో రాసిరి గదా" అన్నాడు భీమేష్, కిటికీ బయటికి చూస్తూ.

చక్రధర్ నవ్వి పడుకున్నాడు. వాడి నవ్వు గురించి అప్పుడు నేను ఏమీ అనుకోలేదు.

చివరికి చక్రధర్‌కే ఆ ఆలోచన వచ్చింది. లైవ్ ఆల్బం. బెంగళూరు పబ్బులో కాదు, ఎమ్మిగనూరులో, నారప గారి రైస్ మిల్లు ముందర, వడ్లు ఆరబోసే సిమెంటు కళ్లంలో. కెమెరాలు వస్తాయి, ఊరంతా చుట్టూ కూచుంటుంది, చూడ్డానికి బాగుంటుంది. భీమేష్ ఆ మాట విని తల వంచుకున్నాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. బయటికి వచ్చాక నాతో, "ఈసారి పూర్తి స్పీడక్కా. మాయమ్మ ఎట్ల ఏడ్సిందో అట్లే" అన్నాడు.

"మీయమ్మకు చెప్పినావా?"

"చెప్తే రాదు. పాట కచేరీ అని పిలుచుకొస్తా."

"తప్పురా" అన్నాను. "ఆమె ఏడుపు ఆమెకు చెప్పకుండా బయటికి తీస్తాండావు."

"నీళ్లు పోసినంక చెప్తాలే" అన్నాడు. అంత నమ్మకం వాడికి. నన్నడిగితే నాకూ ఉంది.

ఆ రోజు సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే మొదలుపెట్టాం. మిల్లు అరుగే మా స్టేజి, బాక్సులన్నీ మా షాపువే, వైర్లు నేనే లాగాను. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కళ్లం మీదే కూచున్నారు. నారప కుర్చీలో, ముందు వరసలో. నెట్టికంటప్ప ట్రాక్టర్ ఎక్కి చూస్తున్నాడు. భీమేష్ వాళ్లమ్మ లక్ష్మక్క ఆడవాళ్లలో వెనగ్గా, నాగక్క పక్కన కూచుంది. నాగక్క ఆ ఊరి పెద్ద ముత్తైదువ, నోరున్న మనిషి. మేం వాయించే గోల విని, "ఏందమ్మా ఇది, రేకులు ఈడ్చినట్లుండాది" అని అందరికీ వినపడేట్టు అంది. పిల్లలు గెంతారు. కుర్రాళ్లు "సూపర్ మగా!" అని కన్నడంలో అరిచారు. అంతా కులాసాగానే ఉంది.

చివరి ముక్క వచ్చింది. నా తీగలు తెగిపోయేంత బిగుతుగా ఉన్నాయి. భీమేష్ గుండీ నొక్కాడు.

మొదటి గుక్క వినపడగానే ఆడవాళ్ల వైపు తలలన్నీ ఒక్కసారిగా లేచాయి. అది పాట కాదని వాళ్లకు చెప్పనక్కర్లేదు. మగవాళ్లు తలపాగాలు తీసేశారు, అలవాటుగా, ఎందుకు తీస్తున్నామో తెలియకుండానే. భీమేష్ దెబ్బ ఆ ఏడుపు గుక్కల మధ్య పడుతోంది, పాడె ముందు పడినట్టు. పెద్ద బాక్సుల్లోంచి లక్ష్మక్క గొంతు కళ్లమంతా పరుచుకుంది.

"నా సామో... ఎండకు వానకు ఓర్సుకున్న నా సామో... మెత్తని పరుపుల్యాక రోడ్డు మింద పండుకుంటివా... కాపలా ఉంటివి, కాపలా ఉంటివి, నీకెవురు కాపలా ఉండిరి నా సామో..."

నారప కుర్చీలోంచి సగం లేచి మళ్లీ కూచున్నాడు. నేను చక్రధర్‌నే చూస్తున్నాను. వాడు తల వంచుకుని స్పానర్ రుద్దుతున్నాడు.

"చక్రప్పా... చిన్న ధణీ చక్రప్పా... నిన్నెత్తుకున్న భుజమప్పా అది... నీకు సైకిలు నేర్పిచ్చిన చెయ్యప్పా అది... ఆ చేతి మీదనే ఎక్కిచ్చినావా బండి... దిగి సూడకపోతివా చక్రప్పా, ఒక గుక్క నీళ్లు నోట్లో పొయ్యకపోతివా..."

భీమేష్ డ్రమ్ము ఆపేశాడు. నేను తీగ వదిలేశాను. ఫోన్లో పట్టిన శోకం అక్కడితో అయిపోయింది. కళ్లం మీద ఒక్క చప్పుడు లేదు. ఊరంతా చక్రధర్‌ను చూస్తోంది, కోపంగా కాదు, ఎదురుచూస్తోంది. అందరికీ పద్ధతి తెలుసు. వాడికీ తెలుసు, ఆ ఊళ్లోనే పుట్టాడు.

చక్రధర్ వంగాడు. ఆంప్లిఫయర్ పక్కన ఉన్న నీళ్ల బాటిల్ తీసుకున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. పోతాడు, మెట్లు దిగి ఆడవాళ్ల వైపు పోతాడు, చెంబు లేకపోతే ఏం, నీళ్లు నీళ్లే అనుకున్నాను. భీమేష్ స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాడు. అటు నాగక్క లక్ష్మక్క భుజం మీద చెయ్యి వేసింది.

చక్రధర్ మూత తీసి గటగటా తాగాడు. మూతి తుడుచుకున్నాడు. బాటిల్ మళ్లీ అక్కడే పెట్టి, భీమేష్ వైపు వచ్చి, మైకులకు అందకుండా, నాకు మాత్రం వినపడేట్టు అన్నాడు.

"ఆపినావేందిరా భీమా, ఇంత మంచి చోట? రెండో ఆల్బమప్పుడే నీ ల్యాప్‌టాప్‌లో స్పీడు పెంచుకోని వింటి, అది మీయమ్మదని నాకు తెలుసు. ఏం చెప్పల్యా గదా నేను? బాగుండాది, ఉండనీ అని ఊరకుంటి. కొట్టు. కెమెరా తిరుగుతాంది."

భీమేష్ ముఖం ఎలా ఉందో నేను చెప్పలేను. తిడితే, తంతే, పారిపోతే తట్టుకునేవాడు. ఇన్నేళ్లు వాడు గుక్కెడు గుక్కెడుగా పైకి తెచ్చిన వాళ్లమ్మ ఏడుపు, వీడికి ‘బాగుండాది’. పేరు విన్నాడు, ఏనాడో విన్నాడు, విని దాని మీదే గిటార్ వాయించుకున్నాడు. భీమేష్ డ్రమ్ము కర్రను తిరగేసి పట్టుకున్నాడు. ఆ కర్ర చక్రధర్ నెత్తి మీద పడుతుందని నేను అనుకున్నాను. పడాలని కోరుకున్నాను కూడా, ఎందుకు అబద్ధం.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి గొంతు లేచింది. బాక్సుల్లోంచి కాదు. లక్ష్మక్క లేచి నిలబడి, జుట్టు ముడి విప్పుకుని, రెండు చేతులూ చాచి నడుచుకుంటూ వచ్చింది. ఆ గొంతు ఇన్నేళ్లు ఎక్కడ దాచుకుందో తెలియదు. మా మైకులన్నీ దాన్ని పట్టుకున్నాయి.

"భీమేసో... నా కడుపున పుట్టిన భీమేసో... నీ నాయన పాడె లేసిన పొద్దు నేనేడ్సిన ఏడుపును జోబులో పెట్టుకుంటివా కొడుకో... ఊరూరా తిప్పితివా... తెలీనోల్ల ముందర సప్పట్లు కొట్టిస్తివా... నేను మింగుకుంటే నువ్వు కక్కిస్తివా కొడుకో... నా ఏడుపు నీకు పాటాయనా భీమేసో..."

శోకంలో పేరు వచ్చింది. భీమేష్ పేరు.

ఊరి చూపులన్నీ చక్రధర్ మీద నుంచి భీమేష్ మీదికి మారాయి. "ఏమప్పా, నీళ్లు తే" అంది నాగక్క. అరవలేదు, మామూలుగానే అంది. ఎవరో మిల్లు తొట్టిలో ముంచిన చెంబు తెచ్చి వాడి చేతిలో పెట్టారు. వాడు ఒకసారి నా వైపు చూశాడు. వద్దని చెప్పాలని నా నోటిదాకా వచ్చింది. పోస్తే అంతా పోతుంది, పాతదీ కొత్తదీ. ఒక మనిషి శోకానికి నీళ్లు ఒక్కసారే. అవి పడ్డాక చక్రధర్ పేరు ఆ ఊళ్లో ఇంకెవరూ ఎత్తకూడదు, వాళ్లమ్మ కూడా, వాడు కూడా. కానీ పోయకపోతే ఆమె మళ్లీ ఎండిన ముఖంతో ఇంటికి పోవాలి, ఈసారి కన్నకొడుకు పేరుతో.

భీమేష్ మెట్లు దిగి, సిమెంటు మీద మోకాళ్ల మీద కూచున్నాడు. లక్ష్మక్క దోసిలి పట్టింది. వాడు పోశాడు. ఆమె ముఖం కడుక్కుంది, మళ్లీ దోసిలి పట్టింది, మళ్లీ కడుక్కుంది. కొంగుతో తుడుచుకుని, జుట్టు ముడి వేసుకుని, వాడి తల మీద తడి చెయ్యి పెట్టింది. భీమేష్ నేల మీదికి వంగి ఏడ్చాడు. నారప కుర్చీలో వెనక్కి వాలి, ఎవరినో పిలిచి కాఫీ తెమ్మన్నాడు. మగవాళ్లు తలపాగాలు చుట్టుకున్నారు.

చక్రధర్? వాడు గిటార్ దించనే లేదు. ఆ తల్లి ఏడుస్తున్నంతసేపూ పెడల్ మీద కాలు పెట్టి, ఆ గొంతు కింద సన్నగా ఒక తీగ మోగిస్తూనే ఉన్నాడు. నేను చేతిలోని బాస్‌ను నేల మీద పడేసి, పోయి మెయిన్ స్విచ్ పీకేశాను. అప్పటికే వాళ్లకు కావలసింది కెమెరాల్లో పడిపోయింది.

తర్వాత వైర్లు చుట్టుకుంటుంటే లక్ష్మక్క నా దగ్గరికి వచ్చింది. ముఖం తేటగా ఉంది. నాకు ఆ తేటదనం చూస్తేనే మంట. "ఎందుకమ్మా వాని పేరు తీసినావు? నీ కొడుకు నీ కోసమే గదా చేసింది" అని గట్టిగానే అడిగేశాను.

"తెలుసు తల్లీ" అంది. "ఆ పిల్లోడు నీళ్లు తాగె గదా, సూసినా. వాడు ఎప్పటికీ తేడమ్మా. ఇంగెన్నాళ్లు సూస్తాడు నా కొడుకు? వాని సేతిలో కర్ర సూసినా. మొగుడు పాయ. కొడుకునన్నా ఇంటికి పిలుచుకపోవాల గదా." కొంగు దోపుకుని, "పై ఈదిలో ముసిలామె పోయింది పొద్దున. పోయి ఏడ్సొస్తా" అని వెళ్లిపోయింది.

భీమేష్ మళ్లీ డ్రమ్ము ముట్టలేదు. కుడతినిలో బూడిద ఎత్తుతున్నాడు. నేను పోతే టీ తాగిస్తాడు, ప్లాంటు సంగతులు చెబుతాడు. ఆ సాయంత్రం గురించి, లారీ గురించి ఒక్క మాట మాట్లాడడు. మాట్లాడకూడదు, నీళ్లు పడ్డాయి. చక్రధర్ బెంగళూరులో కొత్త డ్రమ్మర్‌ను, కొత్త బాసిస్టును పెట్టుకున్నాడు. లైవ్ ఆల్బంకు ఏదో అవార్డు కూడా వచ్చిందన్నారు. తెలుగు రాని జనం హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ ఇద్దరి ఏడుపూ, పాతదీ కొత్తదీ, కళ్లు మూసుకుని వింటున్నారు.

నేను ఎమ్మిగనూరు దాన్ని కాదు. కౌల్ బజార్ దాన్ని. మా వీధిలో మొగం నీళ్లు లేవు, నా నోటికి తాళం లేదు. అందుకే, రాసుకో నాయనా. ఆమె గెస్ట్ కాదు. ఆమె పేరు లక్ష్మక్క, ఆమె మొగుడి పేరు రామాంజినేయులు, బండి నడిపినవాడి పేరు చక్రధర్. నమ్మకపోతే ఆ ఆల్బం మళ్లీ పెట్టుకుని విను. మొదటి గొంతు ఆగి, రెండో గొంతు లేచే లోపల కాసేపు ఏమీ ఉండదు, మీరంతా ‘గొప్ప నిశ్శబ్దం’ అని రాసేది అక్కడే. సౌండు పెంచు. ప్లాస్టిక్ మూత తిప్పిన చప్పుడు, తర్వాత గుటకలు వినపడతాయి. అవి లక్ష్మక్క నీళ్లు.